అందరూ ఒక్కసారి అటు తిరగండి

నిన్న సాయంత్రం మా ఆఫీసు సెల్లారులో నా పరువు ఇంకోసారి పోయింది. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, తనూ కొండాపూర్‌లోనే ఉంటుందట, వాన పట్టేలా ఉంది, కారులో దింపేస్తాను రండి అక్కా అంది. మామూలుగా అలాంటి పిలుపులకు ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటాను, దారంతా ఏం మాట్లాడాలో ముందే కూడబలుక్కోవాల్సి వస్తుందన్న భయంతో. నిన్న సాకు సమయానికి దొరకలేదు. ఆ అమ్మాయి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇక బండి తీస్తుందనగా నేను, పక్క తలుపు తెరుచుకుని ఎక్కాల్సినదాన్ని, గబుక్కున వెనక్కి తిరిగి గోడకు ఎదురుగా నిలబడ్డాను. నిలబడి ఇంజను శబ్దం కోసం ఎదురుచూశాను. శబ్దం రాలేదు. ఇంకాసేపు చూశాను. మంటలు వస్తే ఎటు పరుగెత్తాలో చూపించే ఆకుపచ్చ బొమ్మ ఒకటి గోడ మీద ఉంది, దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పరిశీలించాను. చివరికి ఆ అమ్మాయే అద్దం దించి, "అక్కా, ఎవరికోసమైనా వెయిట్ చేస్తున్నారా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది, అది కరెంటు కారు. దానికి శబ్దం ఉండదు. అది ఎప్పుడో సిద్ధమైపోయి నా కోసమే నిలబడి ఉంది. "సిగ్నల్ చూస్తున్నాను" అని, చేతిలో లేని ఫోను బ్యాగులోంచి తీసి మరీ చూపించాను. దారంతా చెవులు కాలిపోతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి డైరీ తెరిచి "ఈరోజు మళ్ళీ" అని రాసి ఆగిపోయాను. ఈ అలవాటు నాకెక్కడ అంటుకుందో చెప్పాలంటే మా అత్త సంగతి చెప్పాలి. మా అత్త సంగతి చెప్పాలంటే ఆవిడ కారు సంగతి చెప్పాలి. ఆ ఇద్దరిలో ఎవరిని ముందు చెప్పినా రెండోవాళ్ళు అలుగుతారు.

అత్త మా నాన్నకు అక్క. పశువుల డాక్టరు. గోదావరి జిల్లాల్లో ఉద్యోగం మొదలుపెట్టి, బదిలీ మీద బదిలీ అయి, చివరికి ఈ చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసి రిటైరైంది. ఇప్పుడు వాటిని ఎవరూ పల్లెలనరు. అత్త మాత్రం అంటుంది. కోకాపేట మీదుగా వెళ్తుంటే, మెడ వెనక్కి వంచితే తప్ప చివర కనపడని ఒక మేడను చూపించి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడే ఒక కోడెదూడ నన్ను గుంటలోకి తన్నింది" అంటుంది, ఆ మేడ నిన్నో మొన్నో వచ్చిపడిన అడ్డం అయినట్టు. ఉద్యోగం వచ్చి ఊరినుంచి నేను కొండాపూర్‌లో ఆవిడ ఫ్లాటుకు చేరేసరికి మావయ్య పోయి చాలాకాలమైంది, ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అనడం తప్పేమో. ఆవిడ గొంతు కూడా ఉండేది ఆవిడతోపాటు. మా అపార్ట్‌మెంటులో ఆ గొంతు మెట్లమీద ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది. లిఫ్టులో ఎక్కిన కొత్తవాళ్ళను సైతం, "ఏం నాయనా, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, ఆకలి సరిగ్గా ఉంటోందా?" అని అడిగేది. వాళ్ళు తమ అంతస్తు రాకుండానే దిగిపోయేవాళ్ళు. నేను లిఫ్టు మూలలో, బటన్ల మీదున్న అంకెలను జీవితంలో మొదటిసారి చూస్తున్నదానిలా చూస్తూ నిలబడేదాన్ని. నాకు సిగ్గు ఎక్కువ. లిఫ్టులో నా అంతస్తు బటనుకు ఎవరైనా అడ్డంగా ఉంటే, కాస్త నొక్కమని అడగలేక, వాళ్ళ అంతస్తులో దిగి మెట్లెక్కి వెళ్ళిన మనిషిని. ఒకే నెత్తురు మా ఇద్దరిలో ఇంత వేరుగా ఎలా పారుతోందో అని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను.

ఆ కారు ఆవిడకు నార్సింగిలో దొరికింది, కోళ్ళ దగ్గర. అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, బర్రెల మనిషి. ఆయన బర్రెలకు అత్త చాలా ఏళ్ళు వైద్యం చేసింది. ఒకరోజు సుస్తీ చేసిన దూడను చూడ్డానికి వెళ్తే, కొట్టం వెనక రేకుల కింద రెండే సీట్లున్న, నెత్తిన రేకు లేని, పొడుగాటి మూతి కారొకటి గడ్డిలో కూరుకుపోయి కనిపించిందట. ఇంగ్లండులో పుట్టిన కారు. ఎవరో సినిమా షూటింగులకు అద్దెకిచ్చుకునే ఆయన అక్కడ పెట్టి మళ్ళీ రాలేదు. దాని డ్రైవరు సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. దూడకు సూదిమందు ఇచ్చి చేతులు కడుక్కుంటున్నంతసేపూ అత్త ఆ కారు వంకే చూసిందట. పెద్దాయన కనిపెట్టి, "ఏంది డాక్టరమ్మా, గంత సూస్తున్నవ్? గావాల్నంటే తీస్కపో. గుడ్లు మాత్రం నాయి" అన్నాడట. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చేదాకా ఆగి, అసలు ఓనరును వెతికి పట్టుకుని కాగితాలు రాయించుకుని అత్త కారును తెచ్చుకుంది. ఇప్పటికీ ఎండాకాలంలో ఆ సీట్లు వేడెక్కితే సన్నగా కోళ్ళగూటి వాసన వస్తుంది. ఒకప్పుడు ముదురాకుపచ్చ రంగట అది. నేను చూసేనాటికి నూనె తేలిన గోంగూర పచ్చడి రంగు.

కార్ల పుస్తకం ఒక్కటీ చదవకుండా, పశువుల వైద్యం తెలిసిన మనిషి పాత స్పోర్ట్స్‌కారును చేతికి తీసుకుంటే ఏమవుతుందో మా అత్తను చూస్తే తెలుస్తుంది. ఆ కారు చేసే ప్రతి చేష్టకూ ఆవిడ దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. కారు కింద రాత్రి పాత పేపరు పరిచి, పొద్దున్నే దాని మీద పడిన నూనె మరకలు చూసేది. నల్లగా చిక్కగా ఉంటే అరుగుదల బాగుందనీ, పల్చగా పారితే జలుబు చేసిందనీ చెప్పేది. "పేడ చూసి ఒంట్లో సంగతి చెప్పలేనివాడు డాక్టరే కాడు" అనేది. పెట్రోలు ముల్లు ట్యాంకు నిండుగా ఉన్నా సగమే, ఖాళీ అయినా సగమే చూపించేది. అది పాడవడం కాదట, దానిది సంతృప్తి గల స్వభావమట. గుడ్డ టాపు మడిచి వెనక్కి పెట్టిన రోజున, ఎంత ఎండ కాస్తున్నా గండిపేట వైపునుంచి మబ్బు రావాల్సిందే. ఊళ్ళో నీటి ఎద్దడి వస్తే అత్త టాపు మడిచే తేదీ వాటర్‌బోర్డు వాళ్ళకు తెలియజేయాలని నాకనిపించేది. దాని ఎదురుగా అమ్మకం మాట ఎత్తకూడదు. ఎవరైనా "ఎంతకిస్తారండి?" అని అడిగితే అత్త వాళ్ళను చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా తీసుకెళ్ళి, అక్కడ తిట్టి పంపేది. ఇక అడిగేవాళ్ళ మీదా ఒక సిద్ధాంతం ఉంది. మైలేజీ ఎంతని అడిగేవాడికి ఏ కారూ వద్దట, ధర అడిగేవాడికి మాటలు కావాలట, ఏమీ అడక్కుండా చుట్టూ తిరిగి మూతి మీద ఒకసారి చెయ్యివేసి వెళ్ళిపోయేవాడే ప్రమాదకరమట. "వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, నేనూ అలాగే చేశాను కదా" అనేది.

వీటన్నింటికీ పైన ఉన్నది చేపడం సిద్ధాంతం. పాడి తెలియనివాళ్ళకు చెబుతున్నాను. గేదె పొదుగులో పాలు ఉంటే చాలదు, అది మనసొప్పి వాటిని కిందికి వదలాలి. దాన్నే చేపడం అంటారు. కొత్తవాళ్ళు ఎవరైనా ఎదురుగా నిలబడి చూస్తే గేదె చేపదు, ఎంత పిండినా చుక్క రాదు. ఈ కారూ అంతేనట. మేమిద్దరమే ఉంటే ఒక్క తిప్పుకు మోగేది. పక్క ఫ్లాటాయన చెత్తబుట్ట పట్టుకుని అటుగా వచ్చి నిలబడ్డాడా, గిర్రు గిర్రుమని ఏడ్చేదే తప్ప స్టార్టయ్యేది కాదు. అప్పుడు అత్త గొంతెత్తి, "అయ్యా, కాస్త అటు తిరగండి!" అనేది. ఆయన బిత్తరపోయి తిరిగేవాడు. కారు మోగేది. "మొదటి పోస్టింగులోనే నేర్చుకున్నానే ఇది" అని చెప్పేది నాతో. "గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ఊరంతా వచ్చి గుడ్లప్పగించి నిలబడేవాళ్ళు. అటు తిరగండి, పశువు బెదురుతోంది అని ఒక్క కేక వేసేదాన్ని. జనాన్ని అటు తిప్పితే సగం వైద్యం అయిపోయినట్టే." చివరికి ఒక మాట కలిపేది, నన్ను ముద్దుచేస్తున్నాననుకుని. "అది అచ్చం నీలాంటిదే అమ్మడూ. సిగ్గరిది." కోళ్ళగూటి వాసన వేసే పాత కారుతో నన్ను పోల్చినందుకు సిగ్గుపడాలో, ఆ పోలిక సరిపోయినందుకు సిగ్గుపడాలో తెలిసేది కాదు. రెండూ పడేదాన్ని.

నా అసలు కష్టాలు ఆఫీసుకు దింపే రోజులవి. బస్సు ఎందుకు దండగ అని వారానికి ఒకసారైనా అత్త బయల్దేరేది. చీర కొంగు నడుముకు దోపి, తలకు తువ్వాలు చుట్టి, మావయ్య నల్లకళ్ళజోడు పెట్టుకుని. ఆ కారులో కూర్చుంటే నేలకు జానెడు ఎత్తులో ఉంటాం. పక్కన ఆగిన ఆటోలోని మనుషులు మనల్ని పైనుంచి, బావిలోకి తొంగిచూసినట్టు చూస్తారు. నేను ఒక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. టాపు లేని కారులో పుస్తకం చదవడం కుదరదు. గాలి నాకంటే తొందరగా చదివేసి పేజీలు తిప్పేసేది. కొత్తగూడ చౌరస్తాలో మలుపు తిరిగేటప్పుడు హారన్ దానంతట అదే మోగేది, ఎక్కడా కాదు, ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎదురుగానే. ఖాకీ కనపడితే నమస్కారం పెట్టడం దానికి అలవాటని అత్త. మొదటిసారి ఆ కానిస్టేబుల్ ఆపి, "ఏందమ్మా, నన్నే హారన్ కొడుతున్నవా?" అన్నాడు. "నేను కాదు బాబూ, అదే పలకరించింది, నువ్వంటే దానికి గౌరవం" అంది అత్త. ఆయన కాసేపు నన్ను చూశాడు, ఈ పిల్లయినా నిజం చెబుతుందేమోనని. నేను పుస్తకం వెనక్కి వెళ్ళిపోయాను. ఆఫీసు గేటు దగ్గరైతే జనం ఫోనులు తీసి పట్టుకునేవాళ్ళు. "ముందు మలుపులోనే దిగిపోతానత్తా, నడిస్తే ఆరోగ్యం" అనేదాన్ని. "ఆరోగ్యం సంగతి నాకు చెప్తావేమే?" అని ఆవిడ సరిగ్గా గేటు ఎదురుగా, సెక్యూరిటీ కుర్చీకి మూర దూరంలో ఆపేది. మెడలో బ్యాడ్జి, జుట్టంతా పిచ్చుకగూడు, నేలమీదనుంచి లేచినట్టు లేచి నిలబడి లోపలికి నడిచేదాన్ని. నా మెడ వెనక మొదలైన ఎరుపు చెవుల దాకా పాకడం అద్దాల తలుపులో ప్రతిసారీ కనిపించేది.

ఇలా ఉండగా మా అపార్ట్‌మెంటు సెల్లారుకు కొత్త నేల వేశారు, కాలు జారేంత నున్నగా, బూడిదరంగులో. మర్నాటికే అత్త కారు కింద పేపరు దాటి ఒక నల్లమచ్చ పడింది. ఆ పైన వానాకాలం, అత్తకు మోకాలి నొప్పి, కారు చాలా వారాలు కదల్లేదు. అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు. పెద్ద కంపెనీలో మేనేజరు, మెత్తని మనిషి, ఎంత మెత్తగా మాట్లాడతాడంటే అతను వెళ్ళిపోయాక గానీ మనల్ని ఏమన్నాడో తెలియదు. "మేడమ్, పర్సనల్‌గా తీసుకోకండి. సెల్లారులో డెడ్ వెహికిల్స్ ఉంచకూడదని కమిటీలో డిసైడ్ అయ్యాం. అందరికీ ఒకటే పాలసీ కదండీ" అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి, "డెడ్ అంటే?" అంది. అతను చెప్పాడు. బతికున్న ప్రాణిని చచ్చిందనడం విన్నట్టు అయిపోయింది అత్త మొహం. చివరికి ఒక మాటకు వచ్చారు. ఆదివారం పొద్దున మీటింగు అవగానే, అందరి ఎదుటా, ఆ కారు తనంతట తాను ర్యాంపు ఎక్కి బయటికి వెళ్ళి, ఒక చుట్టు తిరిగి వచ్చి తన చోట నిలబడాలి. నిలబడితే ఉంటుంది. లేకపోతే ఆ వారంలో తీసేయాలి.

తీసేసి ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. నార్సింగి పెద్దాయన కొట్టం ఎప్పుడో పోయింది. ఆయనే ఇప్పుడు అక్కడ లేచిన మేడలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాడు, మిగిలిన రెండు బర్రెలను శంకర్‌పల్లి వైపు తమ్ముడి దగ్గర ఉంచాడు. కారుకు చోటిస్తానని ముందుకొచ్చినవాడు ఒక్కడే, కోకాపేటలో కొత్తగా కాఫీషాపు తెరుస్తున్న కుర్రాడు. అంతకు నెల ముందే వచ్చి చూసి, చుట్టూ తిరిగి, మూతి మీద చెయ్యి వేసినవాడు. ఇంజను తీసేస్తారట. ఆ చోట మట్టి పోసి పూలమొక్కలు పెడతారట. షాపు ముందు గాజుగదిలో లైట్లు వేసి నిలబెడితే వచ్చినవాళ్ళు కూర్చుని ఫొటోలు దిగుతారట. "చాలా గ్రాండ్‌గా ఉంటుంది ఆంటీ, డైలీ వందలమంది చూస్తారు" అన్నాడు ఆ అబ్బాయి ఎంతో ప్రేమగా. అత్త అతన్ని లిఫ్టు దాకా తీసుకెళ్ళింది గానీ తిట్టలేదు. అతనిచ్చిన కార్డు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. ఆ వారమంతా ఫ్రిజ్ తీసినప్పుడల్లా నాకు ఆ గాజుగది కనిపించేది. ఎవరైనా చూస్తే నోరు పెగలని ప్రాణిని, జీవితాంతం చూడ్డానికే పెట్టడం. అది కారు గురించిన ఆలోచనేనా, నా గురించినదా అని డైరీలో రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

ఆదివారం మీటింగుకు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. సెల్లారులో కారు చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు, ఫోనులు తీశారు. నార్సింగి పెద్దాయన ఆదివారాలు అత్తకు తమ్ముడింటి పాలు తెచ్చేవాడు. ఆయనా స్టీలు క్యాను పట్టుకుని వచ్చి ఒక స్తంభానికి ఆనుకున్నాడు. అత్త తువ్వాలు బిగించి సీట్లో కూర్చుంది. నేను స్తంభం వెనక సగం, బయట సగం. అత్త తాళం తిప్పింది. గిర్రు. మళ్ళీ తిప్పింది. గిర్రు గిర్రు. పెట్రోలు వాసన లేచింది. ఎవరో నవ్వారు. ఎవరో "తోస్తే వస్తుందేమో" అన్నారు. "తోయకూడదండీ, రూల్ కదా" అన్నాడు సెక్రటరీ మెత్తగా. మళ్ళీ గిర్రు. ఇప్పుడు అత్త కేక వేస్తుందని ఎదురుచూశాను. అటు తిరగండి అని ఆ గొంతు సెల్లారంతా మోగుతుందని. గొంతు రాలేదు. ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని తల దించుకుంది. అప్పుడు చూశాను. తువ్వాలు కిందినుంచి, మెడ వెనక, చెవుల దాకా ఒక ఎరుపు పాకుతోంది. అది నాకు బాగా తెలిసిన ఎరుపు. ఆఫీసు అద్దాల తలుపులో నేను ప్రతిసారీ చూసేది.

తర్వాత జరిగింది నేను చేశానని ఇప్పటికీ నమ్మకం కుదరదు. స్తంభం వెనకనుంచి బయటికి వచ్చాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాను. "అందరూ ఒక్కసారి..." అన్నాను. అందరూ నావైపు తిరిగారు, అదింకా ఘోరం. "అందరూ ఒక్కసారి అటు తిరగండి. ప్లీజ్."

"ఎటు?" అన్నాడు సెక్రటరీ.

"గోడవైపు. ఎవరైనా చూస్తుంటే అది... చేపదండీ."

సెల్లారంతా నవ్వు. భూమిలోకి కుంగిపోదామంటే అంతకంటే కింద ఇంకో సెల్లారు లేదు. సెక్రటరీ నవ్వలేదు, పాపం. "అమ్మా, మేం చూడకపోతే దానంతట అది వెళ్ళిందని ప్రూఫ్ ఏంటి?" అన్నాడు. అప్పుడు పెద్దాయన పాలక్యాను కింద పెట్టి, "సెవులున్నయి గద సారూ, ఇనుండ్రి. ఆడపిల్ల గంత బతిమాలుకుంటుంటే జర తిరుగుతే ఏం బోతది?" అంటూ తాను ముందు తిరిగి స్తంభానికి ఎదురుగా నిలబడ్డాడు. ఒక పిల్లవాడు ఆటనుకుని తిరిగాడు. వాళ్ళమ్మ తిరిగింది. ఒకరి వెనక ఒకరు, నవ్వుకుంటూ, గొణుక్కుంటూ, మూడు బ్లాకుల జనం బడిలో శిక్ష పడిన పిల్లల్లా గోడలకు మొహాలు పెట్టి నిలబడ్డారు. చివరికి సెక్రటరీ కూడా ఫైలు ఛాతీకి ఆనించుకుని తిరిగాడు. నేనొక్కదాన్నే మిగిలాను. అత్త తల ఎత్తింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "నువ్వూ తిరుగే" అంది, నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో.

తిరిగాను. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు, ఎవరి ఫోనో మోగి ఆగిన చప్పుడు. చాలాసేపు ఇంకేమీ లేదు. తర్వాత గిర్రు, గిర్రు, ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆపైన ఆ ఇంజను రొద సెల్లారంతా నిండిపోయింది. టైర్లు కొత్త నేల మీద కీచుమన్నాయి. ర్యాంపు మీద చప్పుడు ఎక్కి, పలచబడి, రోడ్డు రొదలో కలిసిపోయింది. మేం తిరిగి చూసేసరికి అక్కడ పొగ, పాత పేపరు, దాని మీద నాలుగు నూనె చుక్కలు. ఒక చుట్టు అంటే ఎంతసేపు? ఆ రోజు అది చాలా పెద్ద చుట్టు అనిపించింది. దారిలో ఎక్కడో ఆగిపోయిందనీ, నలుగురూ చుట్టూ మూగి ఉంటారనీ, అత్త మళ్ళీ తల దించుకుని ఉంటుందనీ ఊహించుకుంటూ ర్యాంపు వంక చూస్తున్నాను. అప్పుడు దూరంగా హారన్ వినిపించింది. గేటు దగ్గర ఖాకీ బట్టల వాచ్‌మన్‌కు నమస్కారం. ఆ చప్పుడు వినగానే, ఎవరూ చెప్పకుండానే, అందరూ మళ్ళీ గోడలవైపు తిరిగారు. కారు దిగి వచ్చి తన చోట ఆగింది. అప్పటిదాకా ఎవరూ కదల్లేదు. "ఓకే మేడమ్," అన్నాడు సెక్రటరీ గోడతో, "పాస్ అయింది. కానీ కింద ట్రే పెట్టండి, ఆయిల్ పడకుండా." అందరూ చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు కూడా గోడలకే.

కథల్లో అయితే ఆ రోజుతో నా సిగ్గు పోయి ఉండాలి. పోలేదు, ఇంకాస్త పెరిగింది. ఒక వారం లిఫ్టు ఎక్కలేకపోయాను. పిల్లలు నన్ను చూడగానే గోడవైపు తిరిగి కిసుక్కున నవ్వేవాళ్ళు. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు, "అటు తిరగమన్న అమ్మాయి కదూ?" అంటారు, నేను వంకాయలను పరీక్షించడంలో మునిగిపోతాను. అత్త మాత్రం ఆ సాయంత్రానికే మళ్ళీ మామూలు గొంతులోకి వచ్చేసింది. ఫ్రిజ్ మీద కార్డు చింపి పారేసి, "చూశావా, సిద్ధాంతం అంటే ఇదీ!" అంది. తల దించుకున్న సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫ్రిజ్ తలుపు వేస్తూ ఒక్కసారి నా తలమీద చెయ్యి పెట్టి తీసింది. అంతే.

కిందటేడు అత్త మోకాలికి ఆపరేషను అయ్యాక తాళం నా చేతికి వచ్చింది. ఆదివారాలు తెల్లవారగానే, సెల్లారులో ఎవరూ లేని వేళ చూసుకుని దిగేదాన్ని. ఒక్క తిప్పుకు మోగేది. ఒకరోజు సరిగ్గా తాళం తిప్పబోతుంటే వాచ్‌మన్ భార్య చీపురుతో వచ్చి, చేసే పని ఆపి, నవ్వుతూ చూస్తూ నిలబడింది. గిర్రు. మళ్ళీ గిర్రు. పెట్రోలు వాసన లేచింది. అప్పుడు ఎందుకో కిందికి చూశాను. నా కుడికాలు, నాకు తెలియకుండానే, నేలలోకి దిగబడాలన్నంత గట్టిగా యాక్సిలరేటరును తొక్కి పట్టుకుని ఉంది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, మాయమైపోవాలనే ఆ బిగింపు కాలిలోకి వస్తోంది, ఇంజను పెట్రోలులో మునిగిపోతోంది. కాలు తీసేశాను. కాసేపు ఆగి తిప్పాను. ఆవిడ చూస్తుండగానే మోగింది.

కారుకు సిగ్గు లేదు. ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ జనం చూసినప్పుడల్లా బిగుసుకున్నది అత్త కాలు. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక చిన్నపిల్ల, ఎవరిదో పెరట్లో, ఈనలేక తన్నుకుంటున్న గేదె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉండడం, చుట్టూ ఊళ్ళోని మగవాళ్ళంతా గోడలెక్కి మరీ చూస్తుండడం కళ్ళకు కట్టింది. అటు తిరగండి, పశువు బెదురుతోంది. ఆ బెదిరినది పశువు కాదు. తన చేతుల వణుకు ఎవరికీ కనపడకుండా ఉండడానికి ఆవిడ అంత పెద్ద గొంతు పెంచుకుంది. నేనేమో పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఇద్దరం ఒకే చోట దాక్కుంటూ, ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడను సిగ్గు లేని మనిషి అని డైరీలో ఎన్నిసార్లు రాశానో తలుచుకుంటే మెడ వెనక మళ్ళీ అదే మంట పాకింది.

కాలి సంగతి అత్తకు చెప్పలేదు, చెప్పను కూడా. ఇప్పుడు ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది, తువ్వాలు, నల్లకళ్ళజోడుతో సహా. ఎవరైనా ఎదురుపడితే ఆ పెద్ద గొంతుతో, "అయ్యా, కాస్త అటు తిరగండి, ఇది సిగ్గరిది" అంటుంది. వాళ్ళు తిరుగుతారు. నేను కాలు తేలిగ్గా పెట్టి తాళం తిప్పుతాను. కోకాపేట వైపు వెళ్తే అత్త చూపించే గుంటలకూ కొట్టాలకూ ఇప్పుడు గుర్తులు దొరకవు, మేడలన్నీ ఒకేలా ఉంటాయి, ఆవిడే ఒక్కోసారి తడబడి, "ఇక్కడేనే... కాదు, అదిగో అక్కడ" అంటుంది. పరుగెత్తే కాలాన్ని అందరూ చూశామంటారు గానీ నేను ఎప్పుడూ చూడలేదు. నేను చూస్తున్నంతసేపూ అది ఆ ఆదివారం నాటి కారులా గిర్రుమంటూ ఒక్కచోటే నిలబడి ఉంది. సిగ్గుతో ఒక్క క్షణం గోడవైపు తిరిగి మళ్ళీ చూసేసరికి కాలం వెళ్ళిపోయి ర్యాంపు ఖాళీగా ఉంది, ఇంకా చెదరని పొగ మాత్రం ఉంది.